చైన్ జిడ్డు బట్టలకూ కాళ్ళకూ అంటకుండా ఉండాలంటే

ముందు ఒక మాట అమ్మా. చైన్ జిడ్డు పడిందని మీరు రాసిన ఆ మీగడ రంగు చుడీదార్ ప్యాంటుకు ఇంకా ఇస్త్రీ పెట్టకపోయి ఉంటే పెట్టకండి. ఎండలో కూడా ఆరేయకండి. వేడి తగిలితే జిడ్డు దారంలోకి ఇంకి గట్టిగా పట్టేస్తుంది, ఆ తర్వాత దాన్ని వదిలించడం చాలా కష్టం. ప్రస్తుతానికి నీడన పెట్టి ఉంచండి. ఎలా ఉతకాలో కింద వివరంగా రాశాను.

మీరు అడిగింది ఇదీ: తిరుచానూరు నుంచి బాలాజీ కాలనీ దాకా రోజూ లేడీస్ సైకిల్ మీద స్కూలుకు వెళ్తారు. చైన్‌కు సగం కవరే ఉంది. కుడి కాలి దగ్గర ప్యాంటు అంచు ఎప్పుడూ నల్లబడుతోంది. మీ వారు మోటార్ సైకిల్లోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌ను చైన్ మీద పోస్తున్నారు. మీ అబ్బాయిది గేర్ సైకిల్, వాడి తెల్ల యూనిఫాం పరిస్థితి ఇంకా ఘోరం. క్లిప్పు పెట్టుకోవాలా, ఫుల్ కవర్ వేయించాలా, నూనె వేయడమే మానేయాలా?

తిరుపతిలో సైకిళ్ళను గంటల లెక్కన అద్దెకిచ్చే రోజుల నుంచి నేను ఈ పనిలోనే ఉన్నాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. గుడికి పంచెతో వెళ్ళే పెద్దాయనలు అడిగారు, తెల్ల కోటు వేసుకునే మెడికల్ కాలేజీ పిల్లలు అడిగారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. నూనె మానేయకండి, మరక తెస్తున్నది నూనె కాదు. చైన్ పైపైన పేరుకున్న నల్ల మడ్డి తెస్తోంది. దాన్ని వదిలించి, మళ్ళీ పేరుకోకుండా చూసుకుంటే సగం కవర్‌తోనే మీ బట్టలు శుభ్రంగా ఉంటాయి.

కొత్త నూనె డబ్బా మూత తీసి చూడండి. తేనె రంగులోనో నీళ్ళలా తెల్లగానో ఉంటుంది. అది గుడ్డ మీద పడినా సబ్బుకు పోతుంది. చైన్ మీదికి వచ్చాక నల్లగా ఎందుకు మారుతుంది? రోడ్డు దుమ్ము దానికి అంటుకుంటుంది. ఆ దుమ్ములో ఉండే సన్న ఇసుక చైన్ లోపలి ఇనుమును కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. ఆ ఇనుప పొడి, దుమ్ము, నూనె మూడూ కలిసి నల్లని ముద్ద అవుతాయి. మీ ప్యాంటుకు అంటుతున్నది ఆ ముద్దే. సర్ఫ్‌లో నానబెట్టినా పోకపోవడానికి కారణం కూడా అదే. నూనెను సబ్బు పట్టుకుంటుంది గానీ అందులోని సన్న పొడి దారాల మధ్య ఇరుక్కుని ఉంటుంది.

మన ఊళ్ళో దుమ్ముకు తక్కువేం లేదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కట్టినన్నాళ్ళూ బస్టాండు చుట్టుపక్కల తిరిగిన సైకిళ్ళ చైన్లు చూస్తే బాధేసేది. ఇప్పటికీ రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు మీద లారీల వెనక వెళ్ళే సైకిళ్ళకు మామూలుకన్నా తొందరగా మడ్డి పడుతుంది. మీరు వచ్చే దారిలోనూ రోడ్డు అంచున ఇసుక ఉంటుంది, ఎక్కువ భాగం ఆ అంచునే తొక్కాల్సి వస్తుంది కదా.

ఇక ఆ పాత ఇంజన్ ఆయిల్ సంగతి. మీ వారికి గట్టిగా చెప్పండి, ఈ రోజే మానేయాలి. ఇంజన్లోంచి తీసిన నూనె అప్పటికే నల్లగా ఉంటుంది. అందులో మసి ఉంటుంది, ఇంజన్ అరిగిన లోహపు పొడి ఉంటుంది. అంటే మనం చెప్పుకున్న మడ్డిని చేత్తో తెచ్చి చైన్‌కు పూస్తున్నట్టే. పైగా అది తరచూ చర్మానికి తగలడం ఆరోగ్యానికి మంచిది కాదు. మోటార్ మెకానిక్కులు గ్లవ్స్ వేసుకోవాలని చెప్పేది ఊరికే కాదు. ఆడపిల్లలు, చిన్నపిల్లలు తొక్కే సైకిళ్ళకు దాన్ని పోయడం నాకు అసలు నచ్చదు.

మరక ఎక్కడ పడుతోందో చూస్తే అది ఎందుకు పడుతోందో తెలిసిపోతుంది. మా దగ్గరికి ఎవరైనా వచ్చి ఈ ఫిర్యాదు చేస్తే నేను సైకిల్ కన్నా ముందు ప్యాంటు చూస్తాను. పిక్క లోపలి వైపు పళ్ళ గుర్తులు వంపుగా వరసగా పడి ఉంటే, అది తొక్కేటప్పుడు పడింది కాదు. సిగ్నల్ దగ్గర ఆగి, రెండు కాళ్ళూ కింద పెట్టి నిలబడినప్పుడు కుడి పిక్క ముందు పళ్ళ చక్రానికి ఆనుకుంది. ప్యాంటు అంచు నలిగి, నల్లగా కొరికినట్టు ఉంటే గుడ్డ చైన్‌కూ చక్రానికీ మధ్య పడింది, దానికి క్లిప్పే మందు. పిక్క వెనకాల చిన్న చిన్న చుక్కలుగా ఉంటే నూనె ఎక్కువైంది, చైన్ తిరిగేటప్పుడు చిందుతోంది. మరక ఎడమ కాలి మీద ఉందనుకోండి, సైకిల్‌కు కుడి పక్క నిలబడి తోసుకుంటూ వచ్చారని అర్థం. తొడ దగ్గర, చున్నీ మీద, జేబు పక్కన ఉంటే సైకిల్‌ను మెట్లెక్కించేటప్పుడు అంటింది.

మీది కుడి కాలి అంచు దగ్గర అన్నారు కాబట్టి గుడ్డ చైన్‌కు తగులుతోంది. చుడీదార్ బాటమ్ బిగుతుగా ఉంటే ఇబ్బంది ఉండదు. పటియాలా, పలాజో లాంటివి వేసుకున్న రోజు కవర్ కింది భాగంలో ఆ గుడ్డ చైన్‌ను తుడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు చైన్‌ను శుభ్రం చేయడం గురించి. ఇది ఆదివారం పొద్దున పెట్టుకోండి. మొదటిసారి కాస్త టైమ్ పడుతుంది, తర్వాతి వారాల్లో కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

చేతులకు కొబ్బరినూనె కొంచెం రాసుకుని, గోళ్ళతో సబ్బు బిళ్ళను ఒకసారి గీకండి. గోళ్ళ సందుల్లో సబ్బు నిండితే నలుపు అక్కడ చేరదు, పని అయ్యాక కడిగితే అంతా పోతుంది. పాత గుడ్డలు ఎక్కువే కావాలి. పాత కాటన్ పంచె, చిరిగిన బనియన్ బాగా పనికొస్తాయి. పాలిస్టర్ గుడ్డ వద్దు, అది జిడ్డును పీల్చదు, అటూ ఇటూ పూస్తుంది. సైకిల్ కింద పాత పేపర్లు పరవండి.

సగం కవర్ ఉన్న సైకిళ్ళలో కింది వైపు చైన్ బయటికి కనిపిస్తుంది. ఆ చోట గుడ్డను చైన్ చుట్టూ మడిచి వేళ్ళతో పట్టుకుని, రెండో చేత్తో పెడల్‌ను వెనక్కి తిప్పండి. గుడ్డ మీద రెండు నల్ల గీతలు పక్కపక్కనే పడతాయి. అవి చైన్‌కు రెండు పక్కలా ఉండే పలకల గుర్తులు. గుడ్డ జరిపి మళ్ళీ పట్టుకోండి. మొదట ముద్దలుగా వస్తుంది, తర్వాత గీతలు సన్నబడతాయి. పొడి గుడ్డతోనే సగానికి పైగా మడ్డి వచ్చేస్తుంది. చాలామంది ఈ పని చేయకుండా నేరుగా కిరోసిన్ పోసేస్తారు. అప్పుడు ఆ మడ్డి పల్చబడి చైన్ లోపలికి దిగుతుంది.

తర్వాత మిగిలిన జిడ్డుకు కిరోసిన్ గానీ, అది దొరకకపోతే పెయింట్ల షాపులో టర్పెంటైన్ గానీ కొద్దిగా తీసుకోండి. పాత టూత్‌బ్రష్‌ను అందులో ముంచి లింకుల మధ్య రుద్దండి. డీజిల్ కూడా కరిగిస్తుంది కానీ దాని జిడ్డు మిగిలిపోతుంది, దాన్ని మళ్ళీ సబ్బు నీళ్ళతో కడగాలి. పెట్రోల్ మాత్రం వద్దే వద్దు. వంటింటి పక్కన, వరండాలో పెట్రోల్‌తో తుడిచే పని ఎంత చిన్నదైనా ప్రమాదమే. టైర్లకు, బ్రేకు పట్టే రిమ్ముకు ఈ ద్రవాలేవీ తగలనివ్వకండి, బ్రేకు జారుతుంది. ముందు చక్రం పళ్ళ సందుల్లో, వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం) మీద పేరుకున్న గట్టి మడ్డిని అగరబత్తి పుల్లతో గీకి తీయండి. అక్కడ వదిలేస్తే శుభ్రం చేసిన చైన్‌కు రెండు రోజుల్లో మళ్ళీ అంటుతుంది. చివరికి గిన్నెల లిక్విడ్ కలిపిన నీళ్ళతో బ్రష్ చేసి, మంచినీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, గంటసేపు ఎండలో పెట్టండి. బట్టకు ఎండ వద్దన్నాను గానీ చైన్‌కు ఎండ మంచిదే. తడి లోపల ఉండగా నూనె వేస్తే లోపలికి వెళ్ళదు.

నూనె వేయడంలోనే అందరూ పొరపడతారు. చైన్‌కు నూనె కావాల్సింది పైన కాదు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని మీద తిరిగే రోలర్ ఉంటాయి. రాపిడి అంతా అక్కడే. రెండు పిన్నుల మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, సైకిల్ పాతదైనా కొత్తదైనా, గేర్లున్నా లేకపోయినా అంతే. చైన్ మొత్తం మీద అలాంటి రోలర్లు వంద దాకా ఉంటాయి. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క వేస్తే మొత్తం ఒక టీస్పూన్ నూనె కూడా పట్టదు. కింది వైపు చైన్ లోపలి పక్క, అంటే పళ్ళకు తగిలే పక్క చుక్కలు వేస్తూ పెడల్‌ను నిదానంగా వెనక్కి తిప్పండి. మొదలుపెట్టిన లింకుకు దారం కట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. అయిపోయాక కాసేపు ఊరికే తిప్పండి. ఆ రాత్రికి అలాగే వదిలేయండి, నూనె లోపలికి దిగుతుంది.

పొద్దున్నే చేయాల్సిన పని అన్నిటికన్నా ముఖ్యం. శుభ్రమైన పొడి గుడ్డతో చైన్ పైభాగం అంతా మళ్ళీ తుడిచేయండి. "నిన్ననే వేశాను కదా, తుడిచేస్తే ఎలా" అని అడుగుతారు. లోపలికి వెళ్ళింది గుడ్డకు రాదు. పైన మిగిలినదానికి దుమ్ము పట్టడం తప్ప వేరే పని లేదు. గుడ్డ మీద గీతలు పడనంత వరకూ తుడవండి. చేతి రుమాలుతో చైన్‌ను పట్టుకుంటే లేత బూడిద రంగు తప్ప ఏమీ అంటకూడదు. మీ సైకిల్ ఆ స్థితికి వచ్చిందంటే పొరపాటున కాలు తగిలినా ప్యాంటు పాడవదు.

ఏ నూనె అని అడుగుతారు. మీలాగా రోజూ ఊళ్ళో తిరిగే సైకిల్‌కు కుట్టుమిషన్ నూనె బాగుంటుంది. పల్చగా ఉంటుంది, లోపలికి దిగుతుంది, బట్టకు అంటినా తేలిగ్గా పోతుంది. ఒకటే లోపం, తొందరగా ఆరిపోతుంది, వానకు కొట్టుకుపోతుంది. కాబట్టి రెండు వారాలకోసారి వేయాలి. సైకిల్ షాపుల్లో చైన్ లూబ్ అని చిన్న సీసాల్లో అమ్మేది ఇంకా మంచిది. అందులో డ్రై అని రాసి ఉన్నది ఎండాకాలానికి, వెట్ అని రాసి ఉన్నది వానాకాలానికి. గ్రీజు పూయకండి, అది రోలర్ లోపలికి వెళ్ళదు, పైన నిలిచి ఊళ్ళో దుమ్మంతా పట్టుకుంటుంది. వేరుశనగ నూనె లాంటి వంటనూనెలు కొన్నాళ్ళకు బంకలా అయిపోతాయి. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి, తడి పోగొట్టడానికి మంచిదే గానీ దాన్నే నూనెగా వాడితే రెండు మూడు రోజుల్లో చైన్ కీచుమంటుంది.

బట్టల మీద మరీ పట్టింపు ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది, మైనం. నూనె బదులు చైన్‌ను కరిగించిన పారఫిన్ మైనంలో ముంచుతారు. చల్లారాక చైన్ పొడిగా ఉంటుంది, పట్టుకుంటే చేతికి ఏమీ అంటదు, దుమ్ము కూడా పెద్దగా పట్టదు. పారఫిన్ చాలావరకు 50 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి మన మే నెల ఎండకు కారిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే చైన్‌ను సైకిల్ నుంచి విప్పాలి, ఒక్క చుక్క జిడ్డు కూడా లేకుండా కడగాలి, మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ళలో పెట్టిన గిన్నెలో కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. వానలో తడిస్తే మైనం వేసిన చైన్ తొందరగా తుప్పు పడుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఆ మూడు నెలలు నూనె, మిగతా కాలం మైనం అని పెట్టుకునేవాళ్ళకు ఇది బాగా కుదురుతుంది. మీకు ఇంత శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. ఓపిక ఉంటే మీ అబ్బాయి చేత చేయించండి.

వానలో తడిసి వచ్చిన రోజు మాత్రం బద్ధకించకండి. సైకిల్ స్టాండు వేసిన వెంటనే పొడి గుడ్డతో చైన్ తుడవండి, మర్నాడు చుక్కలు వేయండి. తెల్లారేసరికి పట్టే ఎర్ర తుప్పు కూడా బట్టలకు అంటుతుంది. దాని మరక నూనె మరకకన్నా మొండిది, సబ్బుకు లొంగదు.

ఫుల్ కవర్ వేయించమంటారా అన్నారు. వేయించుకోండి, మంచిదే. లేడీస్ సైకిళ్ళకు కంపెనీ కవర్లు దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు. కానీ కవర్ వేసి లోపల మడ్డి వదిలేయకండి. కవర్ ఉంది కదా అని ఏళ్ళ తరబడి విప్పని సైకిళ్ళు మా దగ్గరికి వస్తుంటాయి, లోపల చూస్తే తారు పోసినట్టు ఉంటుంది. ఇంకో విషయం, కవర్ వేసేటప్పుడు చైన్ బిగుతు చూడమనండి. కింది వైపు మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం పైకీ కిందికీ ఆడాలి. అంతకన్నా వదులైతే కవర్‌కు కొట్టుకుని టకటకమంటుంది, లోపలి జిడ్డును కవర్ సందుల్లోంచి బయటికి చిమ్ముతుంది. పెడల్ ఒక చుట్టు తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. ముందు పళ్ళ చక్రం అన్నిచోట్లా ఒకేలా గుండ్రంగా ఉండదు, ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా వస్తుంది. బాగా బిగుతుగా ఉన్నచోట కూడా కొంచెం ఆట ఉండేలా పెట్టాలి. వెనక చక్రం రెండు నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి, మధ్యలోకి వచ్చిందో లేదో చూసి బిగిస్తే సరిపోతుంది.

క్లిప్పు విషయానికొస్తే, వెనకటి మాస్టార్లు, గుమాస్తాలు వాడిన స్టీలు క్లిప్పు ఇప్పుడు అంతగా కనిపించడం లేదు. వెల్క్రో పట్టీ కొనండి. రాత్రి లైటు పడితే మెరిసే రకం దొరుకుతుంది, సాయంత్రం చీకటి పడ్డాక వచ్చే రోజుల్లో వెనక వచ్చే బండ్లకు కనిపిస్తారు. గుడ్డను ముందు బయటి వైపుకు లాగి, మడత కాలి బయటి పక్క వచ్చేలా చుట్టి, ఆ మీద పట్టీ వేయండి. మడత లోపలి పక్క వస్తే అది చైన్ వైపే ఉబ్బి తగులుతుంది. రబ్బరు బ్యాండు వేస్తే కాలికి రక్తం ఆడదు, ఇస్త్రీ మడతలూ పాడవుతాయి. పంచె కట్టేవాళ్ళు కుచ్చిళ్ళ కొస తీసి నడుము దగ్గర దోపుకుంటే చాలు, లుంగీ అయితే మోకాలి పైకి మడిచి కట్టుకోవాలి.

చున్నీ గురించి మాత్రం మరక కోసం కాదు, మీ ప్రాణం కోసం చెబుతున్నాను. చున్నీ కొస వెనక చక్రంలో పడితే మెడకు బిగుసుకుంటుంది. రెండు కొసలూ వెనక్కి వేసి వదిలేయకండి. ముందు ముడి వేసి నడుముకు కట్టుకోండి, లేదా మడిచి బ్యాగులో పెట్టుకుని స్కూల్లో వేసుకోండి. వెనక చక్రానికి డ్రెస్ గార్డ్, అంటే ఆ వల లాంటిది, ఊడిపోయి ఉంటే ఈ వారమే వేయించండి. చీర కట్టుకుని తొక్కేవాళ్ళకు, వెనక క్యారియర్ మీద పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళకు అది తప్పనిసరి. పిల్లల కాళ్ళు చక్రం పుల్లల్లో పడి గాయాలైన కేసులు చూశాను, చూడలేం.

కొన్ని అలవాట్లు చేసుకుంటే చాలు, ఖర్చు లేదు. ఆగినప్పుడు ఎడమ కాలు మాత్రమే నేల మీద పెట్టండి, కుడి కాలు పెడల్ మీదే ఉంచండి. చైన్ కుడి వైపు ఉంటుంది కాబట్టి సైకిల్‌ను ఎప్పుడూ ఎడమ పక్కన నిలబడే తోయండి, ఎక్కడం దిగడం కూడా ఆ పక్కనే. మెట్ల మీద ఎత్తుకెళ్ళేటప్పుడు చైన్ పక్క మీకు దూరంగా, బయటి వైపు ఉండాలి. స్కూల్లో పెట్టేటప్పుడు చైన్ పక్క గోడవైపు పెట్టండి, పక్కనుంచి వెళ్ళే టీచరమ్మల చీరలకు అంటకుండా ఉంటుంది.

ఇప్పుడు మీ ప్యాంటు. మరక పడి కొన్ని రోజులైంది అన్నారు, కాబట్టి నీళ్ళలో వేయకముందే పని మొదలుపెట్టాలి. మరక కింద నాలుగు మడతలు వేసిన తెల్ల పాత గుడ్డ పెట్టండి. మరక మీద రెండు మూడు చుక్కలు కొబ్బరినూనె వేసి వేలి కొసతో మెల్లగా అద్ది, పది నిమిషాలు ఆగండి. మరక మీద మళ్ళీ నూనెనా అని కంగారు పడకండి. ఎండి గట్టిపడిన జిడ్డు కొత్త నూనెకు మెత్తబడుతుంది, అందులో చిక్కుకున్న నల్ల పొడి కదులుతుంది. పైనుంచి టిష్యూతో అద్ది తీయండి. రుద్దితే పక్కలకు పాకుతుంది.

తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌ను నీళ్ళు కలపకుండా మరక మీద వేయండి. బట్టల సబ్బుకన్నా ఇది జిడ్డును బాగా లాగుతుంది, గిన్నెల నూనె జిడ్డు కోసమే కదా దాన్ని తయారుచేసేది. గుడ్డను తిరగేసి, వెనక వైపు నుంచి మెత్తని బ్రష్‌తో కొట్టినట్టు చేయండి. నలుపు వచ్చిన దారిలోనే బయటికి వెళ్ళి కింద పెట్టిన గుడ్డకు అంటాలి. కింది గుడ్డను జరుపుతూ ఉండండి. పావుగంట తర్వాత కాటన్ అయితే గోరువెచ్చని నీళ్ళతో వెనక నుంచి కడగండి. మరక ఛాయ ఇంకా ఉంటే మళ్ళీ అదే పని చేయండి. తడిగా ఉన్నప్పుడు మరక పోయినట్టే కనిపిస్తుంది, నమ్మకండి. నీడన ఆరేసి, వెలుతురుకు ఎత్తి చూసి, పూర్తిగా పోయిందనుకున్నాకే మామూలుగా ఉతికి ఇస్త్రీ చేయండి. మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయకండి. కిరోసిన్, పెట్రోల్ అద్దిన బట్టల్ని అసలు మెషీన్‌లో వేయకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

పాలిస్టర్ కలిసిన బట్టకు జిడ్డు గట్టిగా పడుతుంది, అదే పద్ధతిని రెండు మూడుసార్లు ఓపికగా చేయాలి. రంగు బట్టలకైతే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్ష చేసి చూడండి. పట్టుబట్టను ఇంట్లో ముట్టుకోకండి, మరక ఏమిటో చెప్పి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. మరక అప్పుడే పడితే ఇంత పని లేదు, పౌడర్ దట్టంగా చల్లి ఒక గంట ఆగి దులిపి, ఆ తర్వాత లిక్విడ్ వేయండి. స్కూల్లో పౌడర్ లేకపోతే సుద్దముక్క నలిపి చల్లినా నూనెను పీలుస్తుంది. బ్లీచింగ్ వద్దు, అది రంగును తెల్లబరుస్తుంది గానీ జిడ్డును కరిగించదు, బట్ట మాత్రం నీరసిస్తుంది. కాటన్ తెల్లబట్టలకు మన ఇళ్ళలో గంజి పెట్టే అలవాటు ఉంది చూడండి, అది చాలా మంచిది. జిడ్డు దారానికి నేరుగా పట్టకుండా గంజి పొర మీద ఆగుతుంది, ఉతికినప్పుడు గంజితో పాటు చాలావరకు పోతుంది.

కాలికి అంటితే కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సున్నిపిండితో నలుగు పెట్టి కడగండి. సున్నిపిండి లేకపోతే శనగపిండి. చేతులకైతే గిన్నెల లిక్విడ్‌లో చెంచాడు చక్కెర వేసి రుద్దినా చాలు. కిరోసిన్‌తో కాళ్ళు కడుక్కునే అలవాటు కొందరికి ఉంది, చర్మం పగిలి దురద పెడుతుంది.

మీ అబ్బాయి గేర్ సైకిల్‌కు కవర్ పెట్టలేం. ముందు పళ్ళ చక్రానికి బయటి వైపు ప్లాస్టిక్ గార్డ్ పెట్టే వీలు చాలా మోడళ్ళలో ఉంటుంది, షాపులో చూపించి అడగండి. వాడి యూనిఫాంకు మరక పడేది ఎక్కువగా ఊడిన చైన్‌ను చేత్తో ఎక్కించి, ఆ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నప్పుడు అని నా అనుమానం, పిల్లలందరూ చేసేదే అది. బ్యాగులో ఒక జత పాత సాక్సులు పెట్టండి, చైన్ ఊడితే చేతికి తొడుక్కుని ఎక్కిస్తాడు. చైన్ తరచూ ఊడుతోందంటే గేర్ సెట్టింగ్ తప్పింది లేదా చైన్ సాగింది. సాగిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం సరిగ్గా రావాలి. ఒక అంగుళంలో పదహారో వంతు దాటి జరిగితే చైన్ మార్చే వేళయింది. ఎనిమిదో వంతు జరిగిందంటే పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు ఒక్క చైన్ మారిస్తే పాత పళ్ళ మీద జారుతుంది, వెనక ఫ్రీవీల్ కూడా కలిపి మార్పించండి. కొత్త చైన్‌కు కంపెనీ వాళ్ళు పూసిన జిగురు లాంటి గ్రీజు ఉంటుంది, అది లోపల ఉంటే మంచిదే. బిగించిన రోజే పైభాగం మటుకు పొడి గుడ్డతో తుడిపించండి.